లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము



కల్యాణపట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరుకొని, వానితోనే నిత్యము జంగమదాసోహము నడపిన దంపతుల కథ మన ఇండ్లలోని పెద్దలందరు ఎరిగినదే. భర్త మారయ్య, భార్య లక్కమ్మ. కన్నడమున 'ఆయ్ద అక్కి' యనగా ఏరిన బియ్యము. చేయు కాయకమే పేరునకు ముందు నిలిచి వారు ఆయ్దక్కి మారయ్య, ఆయ్దక్కి లక్కమ్మ అయిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె హెచ్చుగా బియ్యము తెచ్చెను. ఆ దంపతుల స్థితిని లోకమునకు తెలుపగోరి బసవేశ్వరుడే గింజలను హెచ్చుగా చల్లించెనని చెప్పుదురు. లక్కమ్మ మూటను చూచెను. నేటి దాసోహమునకు కావలసినంత పుచ్చుకొని, మిగిలినది ఎచ్చట ఏరితిరో అచ్చటనే చల్లి రండని భర్తను త్రిప్పి పంపెను. మారయ్య మారుమాటాడక పోయి చల్లి వచ్చెను. శూన్యసంపాదనలో ఈ దంపతులకు ఒక ప్రకరణమే కలదు.

పురాణకాలక్షేపములలో ఈ కథను ఆశ లేమికి ఉదాహరణముగా చెప్పి ముందునకు సాగిపోదుము. నేనీనాడు అట్లు సాగక, ఆ మూటయొద్దనే కొంతసేపు నిలువదలచితిని. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. ఎవరి కంచములోనిదియు కాదు. నేలమీద రాలినది, అడుగువారు లేరు. ఇంటికి తెచ్చుకొన్నచో రేపటికి పనికివచ్చును గదా యని మనబోంట్లు తలతురు. లక్కమ్మ అట్లు తలపలేదు. రాలిన గింజకు మరి కొందరు హక్కుదారులు కలరు. పిచ్చుకలు కలవు, చీమలు కలవు, తమవలెనే ఏరుకొనవచ్చు మరియొక పేద కలడు. తన ఆకలి ఎంత యుండెనో అంతవరకే అది ప్రసాదము. ఆపైన అది పరుల భాగము. లోకమంతయు పర్యావరణ పరిరక్షణ యని నేడు పెద్ద పేరుతో చెప్పుకొనుచున్న దానిని ఆ యిల్లాలు ఒక మూట చూచి తేల్చివేసెను.

ఈ మాటను మన ఊరికి తెచ్చి చూతము. మన చెన్నూరు పెన్న ఒడ్డున నున్నది. కర్ణాటకములోని నందికొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు జిల్లాలో సముద్రమున గలియు ఈ నది గండికోట లోయను దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా వచ్చి, కుందును పాపఘ్నిని కలుపుకొని, పుష్పగిరి పాదములు కడిగి మనయొద్దకు వచ్చును. వచ్చునని వ్రాసితిని గాని, ఏడాదిలో ఎక్కువ నెలలు మన కంటికి కనబడునది ఇసుకయే. ఎగువన గండికోట, మైలవరము జలాశయములు నీటిని నిలుపుచున్నవి. అవి పొలములకు, త్రాగునీటికి కావలసినవే. వానిని నిందించుట నా ఉద్దేశ్యము కాదు. అయితే ఏట నీరు పారనప్పుడు మనకు దిక్కు ఆ ఇసుక దాచిన నీరే. వెనుక మన తల్లులు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపుకొనిరి. గింజకు గింజకు నడుమ నున్న సందులో నీరు నిలుచును. ఎండకు త్వరగా ఆవిరి కాదు. ఒడ్డునున్న బావులకు మెల్లగా ఊరును. ఇసుకను అడుగంట తోడివేసినచో కడవను పగులగొట్టి దాహమని ఏడ్చినట్లే.

ఇక నది వచ్చినప్పుడో? 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి మొదలగు ఊళ్ళు రాత్రి పొద్దు మారులోగా కొట్టుకొనిపోయిన సంగతి మనమింకను మరువలేదు. ఆ దినములలోనే కమలాపురము కడ పాపఘ్ని వంతెన కూలెను. లేనప్పుడు చుక్క లేదు, వచ్చినప్పుడు ఆపు లేదు. ఇట్టి సీమలో నీటిని వాడు తీరు గృహిణుల చిల్లర వ్యవహారమని అనుకొనుట తగదు.

మనకు అష్టావరణములలో పాదోదకము ఒకటి. గురులింగజంగమ పాదములు తాకిన నీరు చుక్కయైనను నేల రాలనీయక అరచేత పట్టి సేవింతుము. ఇష్టలింగపూజకు కావలసిన నీరెంత? ఒక ఉద్ధరిణెడు. పత్రి యెంత? ఒక మారేడుదళము. బసవాది శరణులు మనకిచ్చిన పూజ లోకములోని పూజలన్నిటిలో తక్కువ ఖర్చుది, తక్కువ చెత్తది. ఆ ఉద్ధరిణెడు నీటిని అంత భక్తితో చూచిన చేయియే, పూజ ముగిసిన పిమ్మట కొళాయి విప్పి, బిందె నిండి పొర్లుచుండగా పొరుగింటితో మాటలాడుచుండుట నాకు అర్థము కాని విషయము. పూజామందిరములో నున్నంతసేపు పాదోదకము, పెరటిలోనికి రాగానే వట్టి నీరా?

బడిపంతులను గనుక లెక్క చెప్పక మానలేను. 2019లో ఆరంభించిన జలజీవన్ మిషన్ పల్లెలలో తలకు రోజునకు 55 లీటర్లు ఇవ్వవలెనని కొలత పెట్టెను. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. మన జిల్లాలో ఏటి వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల మిద్దెమీద ఆ వాన పడినచో 70,000 లీటర్లు. కారినది, ఆవిరైనది ఐదవ పాలు తీసివేసినను 56,000 లీటర్లు మిగులును. అనగా ఆ ఇంటికి రెండు వందల దినముల నీరు మన నెత్తిమీదనే కురిసి, దోనిగుండా వీధిలోనికి దుమికి, మురుగుకాలువలో గలియుచున్నది. మనము మాత్రము క్యాను నీళ్ళకు కబురు పంపుచున్నాము. ఆ దోనికి ఒక గొట్టము తగిలించి, కంకర, ఇసుక పోసిన ఇంకుడుగుంతకు మళ్ళించుట ఒక దినపు కూలి. పులివెందుల ప్రాంతపు చీనీతోటల రైతు కొన్నిచోట్ల వెయ్యి అడుగుల లోతునకు బోరు దింపి, అదియు ఎండగా మరియొకటి దింపుచున్నాడు. ఆ రైతే నేడు చెట్టు మొదట గొట్టము పెట్టి బొట్టుబొట్టుగా నీరిచ్చు విద్య నేర్చినాడు. తోట నేర్చిన పాఠము ఇల్లు నేర్వలేదా?

ఇంటిలో చేయదగినవి అమ్మలకు నేను చెప్పనక్కరలేదు. వారి అత్తలు చేసినవే. బియ్యము కడిగిన నీళ్ళు, గంజి కుడితితొట్టికి. స్నానపు నీళ్ళు పెరటి అరటికి, కరివేపాకునకు. ఇప్పుడు క్రొత్తగా ఇండ్లలో ఆర్.ఓ. యంత్రములు వచ్చినవి. అవి ఒక లీటరు మంచినీరిచ్చుటకు రెండు మూడు లీటర్లు బయటకు వదలును. ఆ గొట్టమును బకెట్టులో పెట్టినచో అంట్లకు, నేల కడుగుటకు సరిపోవును. కారు కొళాయి క్రింద రాత్రి ఒక చెంబు పెట్టి, తెల్లవారి చూడుడు. అది చూచిన పిమ్మట ఎవరును నాలుగు రూపాయల వాషరు కొనుటకు జాగు చేయరు.

సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు చెరువు త్రవ్వించిన మహనీయుడు. నేటికిని షోలాపురమున ఆ చెరువు కలదు. అల్లమప్రభువు వచ్చి, త్రవ్వువాని నోట 'నేను' అను మాట పోవలెనని బోధించెనే కాని, చెరువు వలదనలేదు. చెరువు నిలిచినది, అహంకారము పోయినది. మన ఊళ్ళలో ఈ రెండును తారుమారగుచున్నవి. నాటిన మొక్కకంటె నాటినవాని ఫోటో పెద్దదగుచున్నది. 1950లో వనమహోత్సవము మొదలైననాటినుండి ఏటేట నాటిన మొక్కలన్నియు బ్రతికియున్నచో కడపకు ఎండ తగులుటకు చోటుండెడిది కాదు. ఒక వేపమొక్కను మూడు వేసవులు నీళ్ళు పోసి బ్రతికించినవాడు నూరు మొక్కలు నాటి మరచినవానికంటె గొప్ప కాయకజీవి.

ఇక అసలు చెప్పవలెనని కూర్చున్న విషయమునకు వచ్చుచున్నాను. అది అన్నము.

మన సంప్రదాయములో అన్నము లింగమునకు అర్పించిన పిమ్మట ప్రసాదమగును. ప్రసాదమునకు ఎంగిలి లేదు, మిగులు లేదు. భోజనము ముగిసిన పిమ్మట పళ్ళెములో నీళ్ళు పోసి, వ్రేళ్ళతో కడిగి, ఆ నీటిని త్రాగి, పళ్ళెమును విభూతి పాత్రవలె శుభ్రముగా బోర్లించు పెద్దలు మన ఇండ్లలో నుండిరి. కొన్ని ఇండ్లలో నేటికిని కలరు. పిల్లలు చూచి నవ్వుదురు. నవ్వు పిల్లలకు ఈ లెక్క చెప్పుడు. ఒక కిలో వడ్లు పండుటకు, ఆవిరైనది, ఇంకినది కలుపుకొని, సగటున 2,500 లీటర్ల నీరు కావలెనని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు కట్టిన లెక్క. గరిటెడు అన్నమునకు సుమారు 50 గ్రాముల బియ్యము. దానికి 75 గ్రాముల వడ్లు. అనగా దాదాపు 190 లీటర్ల నీరు. విస్తరిలో వదలిన గరిటెడు అన్నము ఒక మనిషి మూడు దినముల నీటివాడకమును మించినది! కె.సి. కాలువ క్రింద వరి పండించు మన రైతునకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కాలువ నీరు ఆలస్యమైన ఏడు ఆతని ముఖము చూచిన చాలును.

2022వ సంవత్సరములో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము పారవేయబడినదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించెను. అందు పదింట ఆరు పాళ్ళు హోటళ్ళలోనివి, విందులలోనివి కావు, ఇండ్లలోనివే. కావున తప్పు పట్టణమువారిదని, ధనవంతులదని త్రోసివేయుటకు వీలు లేదు. వారమునకు రెండు దినములు కొర్రన్నమో, రాగిసంగటియో, జొన్నరొట్టెయో తినుట మన సీమకు క్రొత్త నేర్పవలసిన పని కాదు. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా లోకమంతయు జరుపుకొన్నది. మన తాతలు ప్రతి సంవత్సరమును అట్లే గడపిరి.

ఇప్పుడు మఠములవారికి, మహోత్సవములు జరిపించు పెద్దలకు ఒక విన్నపము. ఇందు కొంత చేదు కలదు, మన్నింపవలెను.

బసవజయంతినాడు, శివరాత్రినాడు, గురువుల ఆరాధనలనాడు మనము వందలమందికి దాసోహము చేయుచున్నాము. అది మన ధర్మమునకు ప్రాణము. అయితే ఆ సాయంకాలము మఠము వెనుకకు వెళ్ళి చూచితిరా? వెండిరంగు పొర అంటించిన కాగితపు విస్తళ్ళు, ప్లాస్టికు గ్లాసులు, నీళ్ళ పొట్లములు కుప్పలుగా నుండును. వానిలో మిగిలిన అన్నము, కూర. ఆ వాసనకు ఊరి ఆవులు, కోడెలు వచ్చును. పశువునకు పొర వేరు, అన్నము వేరు అని తెలియదు, రెండును మ్రింగును. పొర అరుగదు, పేడగా వెడలదు. పొట్టలో ఉండలుగా పేరుకొని, మేత తినలేక ఆ పశువు చిక్కి చచ్చును. కోసి చూచిన పశువైద్యులు కిలోలకొలది ప్లాస్టికు తీయుచున్నారు. బసవడనగా వృషభము. నందీశ్వరుని అవతారమని మనము కొలుచు మహాత్ముని జయంతినాడు, ఊరి బసవనికి మనము పెట్టు నైవేద్యమిదియా?

చవుక గనుక వాడుచున్నామని కొందరందురు. వెయ్యిమందికి పెట్టునప్పుడు విస్తరికి రూపాయి తేడా వచ్చినను భారమే యందురు. నిజమే. దాసోహము చేయువాని కష్టము నాకు తెలియును. అయినను ఆ రూపాయిని మనము మిగుల్చుకొనుట లేదు. పశువుల పొట్టమీద, పెన్న ఇసుకమీద, కాల్చినప్పుడు పీల్చు పసిబిడ్డల ఊపిరిమీద అప్పు వ్రాయుచున్నాము. మిగిలిన బియ్యమును త్రిప్పి పంపిన లక్కమ్మ ఈ లెక్కకు ఒప్పుకొనునా? 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు దేశమంతట నిషేధింపబడినవి. చట్టము వచ్చిన పిమ్మట కూడ మఠప్రాంగణములో అవి కనబడుట మనకు గౌరవము కాదు. ఇందుకు తోడు కార్తికదీపములు. అరటిదొప్పలో వెలిగించి వదలిన దీపము నీటిలో కుళ్ళి నీటిలో గలియును. థర్మోకోల్ దొప్పలోని దీపము ఆరిపోవును, దొప్ప మాత్రము మన మనుమల కాలమునకును తేలుచుండును.

వివాహములలో తాంబూలపు సంచులను గూర్చి ఒక మాట. మన చెన్నూరు తమలపాకునకు పేరుపడ్డ ఊరు. అవిసెచెట్లకు ప్రాకిన తీగెనుండి కోసిన ఆకును నిగనిగలాడు ప్లాస్టికు సంచిలో పెట్టి ఇచ్చుట ఎందుకు? ప్రక్కనే ప్రొద్దుటూరున మగ్గములున్నవి. జేడర దాసిమయ్య నేత కాయకముతో శివుని మెప్పించినవాడు. మూరెడు నేతగుడ్డ సంచి ఇచ్చినచో పుచ్చుకొన్నవారు రెండేండ్లు సంతకు తీసికొనిపోదురు, నేతగానికి ఒక పూట కూడు దొరకును. పాత చీరకొంగుతో కుట్టినదైనను సరే. ఇంటినుండి బయలుదేరునప్పుడు కరడిగలో లింగమున్నదా యని తడవి చూచుకొను మనము, చేతిలో సంచి యున్నదా యని కూడ చూచుకొనుట పెద్ద శ్రమ కాదు.

విద్యుత్తును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రములో బొగ్గు మండినప్పుడు మన ఇంట దీపము వెలుగును. మన దేశపు బొగ్గులో ఇంచుమించు మూడవ పాలు బూడిదే. గోమయపు బూడిద నుదుట విభూతియై మనలను పునీతులను చేయును. బొగ్గు బూడిద గాలిలో లేచి పొలముమీద పడును. 60 వాట్ల బల్బు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము అంతే వెలుగునిచ్చును. ఎవరును లేని గదిలో తిరుగుచున్న పంకాను ఆపుటకు ఏ శాస్త్రమును చదువనక్కరలేదు.

ఇన్ని చెప్పిన పిమ్మట ఒక సందేహము మిగులును. 'పంతులుగారూ, లారీలతో ఇసుక పోవుచుండగా, పై ఊళ్ళ మురుగు ఏటిలో పడుచుండగా, నేను చెంబెడు నీళ్ళు మిగిల్చిన పెన్న నిండునా?' అని అడుగుదురు. నిండదు. ఈ మాట దాచుట ధర్మము కాదు. అందుకే శరణులు మనకు భృత్యాచారముతోపాటు గణాచారము కూడ విధించిరి. మొదటిది నేను అందరికిని సేవకుడననుకొని నా వాడకమును తగ్గించుకొనుట. రెండవది సమూహమునకు కీడు జరుగుచుండగా చూచి ఊరకుండకపోవుట. గ్రామసభలో లేచి ఇసుకను గూర్చి, మురుగును గూర్చి అడుగుట గణాచారమే యని నా అభిప్రాయము. అయితే తన పెరటి కొళాయిని కట్టివేయనివాడు సభలో లేచి నిలిచినచో, ఊరు ఆతని మాటను కాక ఆతని పెరటినే చూచును.

రాబోవు బసవజయంతికి, అనగా వైశాఖ శుద్ధ తదియకు, మోదుగాకు విస్తళ్ళు వాడదలచినవారు కొంత ముందుచూపు వహింపవలెను. మోదుగు శిశిరమున ఆకు రాల్చి, ఫాల్గుణమున ఎఱ్ఱని పూలతో మోడై నిలుచును. కావున ఆకు దట్టముగా నున్నప్పుడే కుట్టి ఎండబెట్టిన విస్తళ్ళను మాఘమాసములోగా చెప్పి తెప్పించుకొని, కట్టలు గట్టి, తడి తగులని అటకమీద నుంచవలెను. వడ్డనకు ముందు నీళ్ళు చల్లి తుడిచినచో ఆకు మెత్తబడి విరుగదు. చిల్లులు పడినవి కొన్ని ఉండును గనుక నూటికి పది అదనముగా చెప్పుడు. అవి చాలనిచోట పెన్న ఒడ్డు తోటల అరటియాకు కలదు. మంచినీటికి ఇంటింటినుండి చెంబులు తెమ్మని ముందే చాటింపు వేయవచ్చును. తిన్న విస్తళ్ళకు మఠము పెరటిలో నడుములోతు గుంట త్రవ్వించి, వరుస వరుసకు పేడనీళ్ళు చల్లి మన్ను కప్పినచో, మరుసటి పంటకు ఎరువగును. ఆ గుంట త్రవ్వు కాయకమునకు పండుగ ఉదయమున మనుష్యులు దొరకరు. ముందటి దినమే ఇద్దరు యువకులను చెప్పి పెట్టుకొనుడు.